క్యారియరు లేని సైకిలు

యాభై దాటిన మనిషి సైకిలు కొనుక్కోవటంలో నైతిక సమస్య ఏముందని ఎవరైనా అడగవచ్చు. మొదట నాకూ ఏమీ కనిపించలేదు. పాతికేళ్ళు కుర్చీలో కూర్చుని చేసిన వుద్యోగం నడుం చుట్టూ పేరుకున్నది. రక్తపోటు వచ్చింది. మోకాళ్ళు మెట్లను చూసి భయపడుతున్నాయి. డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు. మాది విశాఖపట్నం గనుక కొండదారులకు కొదవ లేదు. తేలికైన హార్డ్‌టెయిల్ ఒకటి చూసుకుందామనుకున్నాను. హార్డ్‌టెయిల్ అంటే ముందు ఫోర్కుకు మాత్రమే కుదుపు తట్టుకునే ఏర్పాటు వుండి, వెనక చక్రం నేరుగా ఫ్రేముకు బిగించివుండే కొండ సైకిలు. వెనక కూడా స్ప్రింగు వున్నవి నడుముకు సుఖమే. కాని వాటికి కీళ్ళెక్కువ, బరువెక్కువ, ఖర్చెక్కువ. మనిషికి కాళ్ళూ చేతులూ వున్నాయి, రాయి వచ్చినప్పుడు సీటుమీదినుంచి కాస్త లేవటం నేర్చుకుంటే సరిపోతుంది.

తెలిసినవారి దగ్గర ఒకటి అడిగి తెచ్చి, స్టాండు లేదు గనుక గోడకు ఆనించాను. తెల్లవారి మా పాలాయన వచ్చాడు. తన సైకిలుకు రెండు పక్కలా వేలాడే కేన్లతో అతను మా వీధి చివర మెరక ఎక్కటం నేను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. నా సైకిలును ఒంటిచేత్తో ఎత్తి చూశాడు.

"దూదిలాగుంది బాబూ. క్యారియరేదీ?"

లేదన్నాను.

"మరేటి మోస్తాదిది?"

"నన్నే," అన్నాను. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తన యజమానిని తప్ప మరేమీ మొయ్యని పనిముట్టును పనిముట్టు అనవచ్చునా? సమస్య అక్కడ మొదలయింది.

వెనకచక్రాన్ని గొలుసుతో తిప్పే రోవర్ సైకిలును ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో తయారుచేశాడు. 1888లో డన్లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో సైకిలు డబ్బున్నవాళ్ళ వినోదం. ధర పడినకొద్దీ అది శ్రామికుడి చేతికి వచ్చింది. మన దేశంలో అది పోస్టుమానుకు కాలయింది, పాలవాడికి భుజమయింది. ఇరవై కిలోలదాకా తూగే నల్ల సైకిలును బరువని ఎవరూ తిట్టలేదు. దానిమీదికెక్కే బరువు ముందు ఆ ఇరవై కిలోలు ఒక లెక్కలోవి కావు. 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి వియత్నాం ప్రజలు సైకిళ్ళమీద బియ్యమూ మందుగుండూ చేరవేశారు. హ్యాండిలుకు వెదురుకర్ర కట్టి, ఫ్రేమును గట్టిచేసి, ఒక్కొక్క సైకిలుమీద రెండువందల కిలోలకు పైగా పెట్టి అడవుల్లో తోసుకుపోయారు. అవసరం ప్రజలదయినప్పుడు సైకిలు ఎలా మారగలదో చెప్పటానికి ఇంతకన్న మంచి వుదాహరణ నాకు తెలియదు.

కొండ సైకిలు కథ వేరు. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రవాళ్ళు కొందరు లావు టైర్ల పాత సైకిళ్ళను చవగ్గా సంపాదించి, టమల్పయస్ కొండ మట్టిదారుల్లో కిందికి పరిగెత్తించారు. 1976లో మొదలైన వాళ్ళ పందేనికి రీప్యాక్ అని పేరు. ఒక్క దిగుడుకే బ్రేకు హబ్బులో గ్రీజు కాలిపోయి మళ్ళీ నింపుకోవలసి వచ్చేది గనుక ఆ పేరు వచ్చింది. దిగేటప్పుడు సైకిలు బరువు వాళ్ళకు అడ్డం కాలేదు. తొక్కి ఎక్కాలనుకున్నప్పుడు అడ్డమయింది. 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే ఫ్రేములు కట్టటం మొదలుపెట్టాడు. 1981లో స్టంప్‌జంపర్ పేరుతో అది కర్మాగారపు సరుకుగా దుకాణాలకెక్కింది. 1996లో ఒలింపిక్ క్రీడల్లో చేరింది. పాతసామానునుంచి చేతిపనితో పుట్టిన వస్తువు ఇరవై ఏళ్ళలో హోదా చిహ్నమయింది. తేలికదనం ఆ హోదాకు కొలబద్ద అయింది.

ఇక నా బేరం సంగతి. చివరికి మూడు మిగిలాయి. మొదటిది పదిహేను కిలోలు, ముప్ఫై అయిదు వేలు. రెండోది పన్నెండున్నర కిలోల అల్యూమినియం, లక్షా పదివేలు. మూడోది పది కిలోల కార్బన్, మూడు లక్షల పదివేలు. నేను ఎనభై కిలోలు. గాలి నిరోధం పక్కన పెడితే, ఎక్కుడులో పట్టే కాలం మొత్తం బరువునుబట్టి వుంటుంది. మొదటిదానితో అరగంట పట్టే ఎక్కుడుకు రెండోదానితో ఇంచుమించు నలభై ఏడు సెకన్లు తగ్గుతాయి. మూడోదానితో ఇంకో నలభై ఏడు సెకన్లు తగ్గుతాయి. మొదటి రెండున్నర కిలోలకు కిలో ఒక్కంటికి ముప్ఫైవేలు, రెండో రెండున్నరకు ఎనభైవేలు చెల్లించాలి. నా పొట్టలోనుంచి అయిదు కిలోలు తీసేస్తే అంత కాలమూ కలిసివస్తుంది, దానికి డబ్బక్కర్లేదు.

ఈ లెక్కకు రెండు సమాధానాలు వినిపిస్తాయి. డబ్బు నాది, అడగటానికి మీరెవరన్నది ఒకటి. డబ్బు ఒకడిదవటానికి ఎందరి శ్రమ కలిసిందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. కార్బన్ ఫ్రేములు ఎక్కువగా తయారయ్యేది తైవాన్, చైనా, వియత్నాంలలో. ఎంత యంత్రయుగమయినా, బంకపూసిన కార్బన్ గుడ్డముక్కల్ని అచ్చులో ఒకదానిమీద ఒకటి పేర్చేవి మనుషుల చేతులే. నా సైకిలు తేలికయితే ఆ పని తేలికవదు.

రెండో సమాధానం సన్యాసిది. ఇందరు బరువులు మోస్తూవుంటే నీకు వినోదమెందుకు, నడిచిపో అంటుంది. దీన్నీ నేను ఒప్పుకోను. 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం నిలబడ్డది, మిగిలిన గంటల్లో మనిషి మనిషిగా బతకాలనే. విశ్రాంతిని పాపమనేవాడు శ్రామికుడి పక్షాన మాట్లాడుతున్నాననుకుంటాడు గాని, యజమాని మాటనే అప్పజెపుతున్నాడు.

అసలు జబ్బు మరోచోట వుంది. పాలాయనకూ మోకాలు నొప్పే. ఆయనది మోసి మోసి అరిగింది, నాది మొయ్యక తుప్పుపట్టింది. బుద్ధిపనీ కాయకష్టమూ వేరుచేసి, ఒకటి ఒక వర్గానికీ రెండోది మరో వర్గానికీ పంచిన సమాజం రెండు మోకాళ్ళనూ చెడగొట్టింది. తేడా ఏమిటంటే నా మోకాలికి దుకాణంలో మందు దొరుకుతుంది. అతని మోకాలికి విశ్రాంతి కావాలి. దాన్ని ఏ దుకాణమూ అమ్మదు.

మందు పుచ్చుకోవటం తప్పుకాదు. మందును నగగా పెట్టుకోవటం తప్పు. ఈ గీత మూడింటిలో ఎక్కడ పడుతుందో ఆలోచించాను. మొదటిదాని ఫోర్కులోని స్ప్రింగు నా బరువుకు కుంగి కూర్చుంటుంది. రెండోదాని ఫోర్కులో గాలి వుంది, పంపుతో నా బరువుకు సరిపడా నింపుకోవచ్చు. దాని హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు ఒక్క వేలితో నొక్కితే వానలోనూ పడతాయి. రెండో అంతస్తులో వున్న ఇంటికి భుజానెత్తుకుని ఎక్కగలను. ఇవన్నీ నా వయస్సుకు నిజంగా పనికివచ్చేవి. మూడోది అదనంగా ఇచ్చే నలభై ఏడు సెకన్లు పందెగాడికి ప్రాణంతో సమానం. నేను పందెగాణ్ణి కాను. నా విషయంలో ఆ రెండు లక్షలూ ఎదుటివాడి చూపుకోసం పెట్టే ఖర్చు. రెండోది కొన్నాను.

కొన్న నెలకు అనంతగిరి ఘాటు ఎక్కాను. సంతకు పోయేవాళ్ళు కావిళ్ళతో అదే ఎక్కుడు ఎక్కుతున్నారు. అల్యూమినియానికి మూలమైన బాక్సైటు ఆ కొండల్లో వుంది. పక్కనే ఒడిశాలో పంచ్‌పట్మలి కొండమీద 1980లనుంచి తవ్వుతున్నారు. మనవైపు దాన్ని తవ్వనివ్వకుండా ఆపింది ఆదివాసుల పోరాటం. షెడ్యూలు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వరాదని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన సమత తీర్పుకు మూలమైన తగాదా, ఆ అనంతగిరి మండలంలోని బొర్రా పంచాయతీలోనే పుట్టింది. కొండమీద తిరగటానికి నేను కొన్న తేలిక, ఎక్కడో ఒక కొండను తవ్వితేగాని రాదు. కావిడి మోసే మనిషి నావంక చూసి దారి ఇచ్చాడు. నేను దిగి, నడిపించుకుపోయాను. మర్యాదకు కొంత, ఆయాసానికి కొంత.

తిరిగివచ్చాక పాలాయన ఒకరోజు దాన్ని వీధి చివరిదాకా తొక్కి తెచ్చాడు. తేలికను గురించి ఒక్క మాటా అనలేదు. బ్రేకు నాలుగుసార్లు నొక్కి చూశాడు.

"ఇలాటి బ్రేకు మా బళ్ళకెందుకెట్టరు బాబూ?"

అతని సైకిలుకు ఇప్పటికీ కమ్మీ బ్రేకులే. తడిసిన స్టీలు రిమ్ముమీద రబ్బరు జారుతుంది. వానాకాలం నిండు కేన్లతో మా వీధి దిగుడు దిగేది అతను. మోయటానికి ఏమీ లేని నా సైకిలుకు, బరువంతా మోసే అతని సైకిలుకు లేని బ్రేకు వుంది. వియత్నాంలో బరువుకోసం సైకిలును మార్చిన తెలివి మానవజాతి మరిచిపోలేదు. ఆ తెలివి ఇప్పుడు బరువున్నచోటికి పోకుండా డబ్బున్నచోటికి పోతున్నది. ఏ సైకిలు కొనాలన్న నా ప్రశ్నకు ఎలాగో సమాధానం చెప్పుకున్నాను. అతని ప్రశ్నకు మాత్రం, నేను ఏ సైకిలు కొన్నా సమాధానం రాదు.