గురుకరుణయు, ఏకాంత సాధనయు



యోగమను మాట నేడు వినని చెవి లేదు. ఐక్యరాజ్యసమితి 2014వ సంవత్సరమున తీర్మానించినది మొదలు, 2015 నుండి ఏటేట జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినముగా లోకమంతయు జరుపుకొనుచున్నది. పుస్తకములు విరివిగా దొరకుచున్నవి. చేతిలోని ఫోనును తెరచినచో పద్మాసనము మొదలు శీర్షాసనము వరకు చూపించు దృశ్యములు లెక్కకు మిక్కిలి. ఇట్టి కాలమున మన ఇండ్లలోని యువకులు ఒక ప్రశ్న వేయుచున్నారు. "అన్నియు ఇంటనే కనబడుచుండగా గురువెందులకు? మఠమునకు పోవుటెందులకు? ఒంటిగా సాధించిన చాలదా?" అని. ఈ ప్రశ్నను గద్దించి త్రోసివేయుట తగదు. ప్రశ్నించుట శరణులు నేర్పిన మార్గమే. కల్యాణమున అనుభవ మంటపము నిలిచినది ప్రశ్నోత్తరముల మీదనే గదా! కావున నెమ్మదిగా విచారింతము.

మొదట శరీరము మాట. శీర్షాసనమున కంటిలోని ఒత్తిడి పెరుగును. నీటికాసుల వ్యాధి కలవారికి అది చూపునకే ముప్పు. రక్తపుపోటు అధికముగా నున్నవారు ఊపిరి బిగబట్టి కుంభకము చేయరాదు. మెడ ఎముకలు అరిగినవారు తలపై బరువు మోపరాదు. గర్భిణులు కపాలభాతి చేయరాదు. ఈ హెచ్చరికలు పుస్తకమున ఏదో ఒక పుటలో నుండవచ్చును. కాని ఆ పుటను చదువువాని మెడ ఎట్టిదో, రక్తపుపోటు ఎంతయో పుస్తకమెరుగదు. ఫోనులోని దృశ్యము మనకు కనబడును. మనము దానికి కనబడము. గురువు మనకు చూపును, మనలను చూచును. భేదమంతయు ఇక్కడనే యున్నది.

బడిలో బాలుడు అచ్చుపుస్తకమును చూచి 'అ' వ్రాయగలడు. ముగిసిన అక్షరము సరిగనే కనబడును. బలపమును ఎక్కడ మొదలిడెనో, ఎటు త్రిప్పెనో ప్రక్కన కూర్చున్న ఉపాధ్యాయునకే తెలియును. ఆ తప్పుమలుపును ఆనాడే దిద్దనిచో పదవ తరగతి వరకు వాని వ్రాతను వెంటాడును. శ్వాస విషయమునను ఇంతే. పతంజలి యోగసూత్రములలో యమనియమముల తరువాత ఆసనమును, దాని తరువాతనే ప్రాణాయామమును చెప్పెను. స్వాత్మారాముడు హఠయోగప్రదీపికలో ప్రాణమును అడవిమృగమును మచ్చిక చేసినట్లు మెల్లమెల్లగా లొంగదీయవలెనని హెచ్చరించెను. మెట్టు మెట్టుగా ఎక్కవలసినదానిని ఒక్క గంతున అందుకొనవలెనన్న ఆశ ఒంటి సాధకునకు సులభముగా కలుగును. ఆగుమని చెప్పువాడు అతని ప్రక్కన లేడు.

ఇక మన శివయోగమును గూర్చి. దీక్షాకాలమున గురువు శిష్యుని శిరస్సుపై హస్తముంచుట వేధాదీక్ష. చెవిలో పంచాక్షరిని ఉపదేశించుట మంత్రదీక్ష. కరస్థలమున ఇష్టలింగమును ఉంచుట క్రియాదీక్ష. ఈ మూటిచేత భావలింగ, ప్రాణలింగ, ఇష్టలింగ సంబంధము కలుగునని పెద్దలు చెప్పుదురు. అష్టావరణములలో గురువునకు తొలి స్థానమిచ్చుటకు కారణమిదియే. అయితే ఇక్కడ ఒక మర్మము కలదు. లింగమును ఇచ్చునది గురువు. అది నిలుచునది మన అరచేత. దానిపై దృష్టి నిలుపవలసినది మన కన్నులు. ఒకని ఇష్టలింగపూజను వేరొకడు బదులుగా చేయుట మన ధర్మమున లేదు. కనుక ఆరంభమున గురువు, అనుదినమున ఏకాంతము. ఈ రెండింటికి వైరము లేదు.

12వ శతాబ్దిలో సొన్నలిగె యందు, అనగా నేటి సోలాపురమున, సిద్ధరామేశ్వరుడుండెను. ఆయన చెరువు త్రవ్వించిన కర్మయోగి, సిద్ధి పొందిన మహాయోగి. ఆయనకు లేనిదేమి? అయినను అల్లమప్రభువు వచ్చి, పరీక్షించి, కల్యాణమునకు తోడ్కొనిపోయెను. అక్కడ తనకంటె పిన్నవాడైన చెన్నబసవణ్ణ చేత సిద్ధరాముడు ఇష్టలింగదీక్షను స్వీకరించెనని శూన్యసంపాదనె చెప్పుచున్నది. గోరక్షుని కథయు తెలిసినదే. ఆయన దేహము వజ్రమువలె గట్టిపడి ఖడ్గపు వ్రేటునకు ఖణిల్లున మ్రోగెను. అల్లమ దేహమున ఆ ఖడ్గమే ఆకాశమున వలె అడ్డులేక సాగిపోయెను. అంతటి యోగికిని తన సిద్ధి ఎంతవరకో తెలియుటకు మరియొకడు ఎదుట నిలువవలసి వచ్చెను. తన వీపు తనకు కనబడదు గదా!

అట్లని గురువని చెప్పుకొను ప్రతివానికి తల యొగ్గుమని నా భావము కాదు. ప్రశ్నను సహింపనివాడు, ధనము కొలది ఉపదేశించువాడు, వైద్యుడిచ్చిన మందును మానుమనువాడు గురువు కాడు. అరివును, అనగా ఎరుకను, శరణులు గురువుగా నెంచిరి. మన ఎరుకను మేల్కొలుపువాడు గురువు, నిద్రపుచ్చువాడు కాడు.

ఒక మాట పెద్దలకును చెప్పవలసియున్నది. ఫోనును చూచి సాధన చేయు కుమారుని మందలించు తండ్రి, తాను ఇష్టలింగమును కరస్థలమున నిలిపి ఎన్ని దినములైనదో తలచుకొనవలెను. కుమారునకు సాధన కలదు, గురువు లేడు. తండ్రికి గురువు కలడు, సాధన లేదు. ఇరువురిలో ఎవరిది గొప్ప లోపము? దీక్ష విత్తనము వంటిది. గాదెలో దాచిన విత్తనము మొలకెత్తదు. ఆ తండ్రి ఉదయమున కుమారుని ప్రక్కన కూర్చుండి లింగపూజ చేసినచో, చెప్పకయే సగము బోధ జరుగును.

కావున ఆచరణకు నాలుగు మాటలు. తొలినాళ్ళలో ఎరిగినవారి యెదుట కూర్చుండి నేర్చుకొనుడు. పిదప ప్రతిదినము ఒకే వేళ ఒంటిగా సాధన చేయుడు. నెలకొకమారైనను గురువు వద్దకు పోయి, చేయునది చూపి దిద్దించుకొనుడు. సమీపమున గురువు లేనివారు సుఖాసనము, సహజమైన శ్వాస, పంచాక్షరీ జపము వీనితో తృప్తి చెందుడు. కుంభకమునకు, తలక్రిందుల ఆసనములకు పోవలదు. తల తిరిగినను, రొమ్ము నొచ్చినను, కన్నులు మండినను వెంటనే మానివేసి వైద్యునకు చూపించుకొనుడు. మఠమునకు జాతరకు పోయినపుడు కాయకొట్టి మరలక, స్వాముల సన్నిధిని ఒక గడియ కూర్చుండి సందేహము అడుగుడు. మఠములును అడుగువారికి ఆ గడియ నొసగవలెనని సవినయముగా విన్నవించుచున్నాను. ద్వారము తెరచియున్నచో బిడ్డలు వత్తురు.