సంకల్పం మంచిదైతే చాలా?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో మొగియోన్ రిమ్ అనే ఎత్తైన కొండ అంచు ఉంది. దానిమీద మైళ్ళ తరబడి పైన్ చెట్ల అడవి. ఆ అడవి మధ్య, 1965లో కట్టిన ఆనకట్ట వెనుక సి.సి. క్రేగిన్ జలాశయం ఉంది. దిగువనున్న పేసన్ పట్టణానికి ఆ నీళ్ళే అందుతున్నాయి. ఈ అడవుల్లో అనేక చోట్ల ఎవరైనా గుడారం వేసుకొని 14 రోజుల దాకా ఉండవచ్చు. అక్కడ కుళాయి ఉండదు, మరుగుదొడ్డి ఉండదు, కాపలాదారూ ఉండడు.

నీటికి 200 అడుగుల దూరంలో, 6 నుంచి 8 అంగుళాల గుంట తవ్వి మలవిసర్జన చేయాలని అక్కడ నేర్పుతారు. నిల్వ నీటిని మూత్రంతో పాడుచేయరాదన్న దైవప్రవక్త (సఅసం) ఆదేశం తెలిసిన మనకు ఇది కొత్త మాటేమీ కాదు. నిప్పు సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలేది కాదు.

2002 జూన్‌లో ఈ కొండ అంచునే రెండు మంటలు లేచాయి. ఒకటి, కూలి దొరుకుతుందన్న ఆశతో మంటలార్పే పనివాడే అంటించినది. రెండోది, దారి తప్పి రోజుల తరబడి అల్లాడిన ఒక స్త్రీ హెలికాప్టర్ కంటబడాలని వెలిగించినది. ఆమె ప్రాణం దక్కింది. కాని రెండు మంటలూ కలిసిపోయి 4,68,000 ఎకరాలు కాల్చేశాయి. అందులో సగానికి పైగా వైట్ మౌంటెన్ అపాచీ తెగవారి భూమి. 400కు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. మొదటివాడికి జైలుశిక్ష పడింది. ఆమెపై కేంద్ర ప్రభుత్వం కేసు పెట్టలేదు. అపాచీ తెగవారు మాత్రం తమ న్యాయస్థానంలో నష్టపరిహారం కోరారు.

కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయని మనం పిల్లలకు కూడా నేర్పుతాం. మరి ఆమె సంకల్పంలో దోషమేముంది? ప్రాణం కాపాడుకోవడం విధి కదా! అయితే ఫిఖహ్ పండితులు ఇక్కడ ఒక సూక్ష్మమైన గీత గీశారు. గత్యంతరం లేని స్థితి పాపాన్ని తొలగిస్తుంది గాని, ఇతరుల హక్కును రద్దు చేయదు. ఆకలితో చనిపోబోయేవాడు పరుల అన్నం తినవచ్చు, దాని వెల మాత్రం అతనిపై ఉంటుంది. అపాచీలు అడిగింది ఆ వెలే. వారిని కఠినులనడం మాకు సబబుగా తోచదు.

కాని అంత అడవికి వెల ఎవరు కట్టగలరు? అందుకే లెక్క అగ్గిపుల్ల దగ్గర కాక, ఇల్లు వదలకముందే మొదలవుతుందని మా అభిప్రాయం. చాలినంత నీళ్ళు, దారి పటం లేకుండా, ఎటు వెళ్తున్నామో ఇంట్లోవారికి చెప్పకుండా బయలుదేరితే, తర్వాత వచ్చే గత్యంతరం లేని స్థితిలో కొంత మనం చేతులారా తెచ్చుకున్నదే అవుతుంది. (ఇది ఆమెను గురించి కాదు, ఆమె పరిస్థితి అల్లాహ్‌కు తెలుసు.)

మదీనాలో ఒక రాత్రి ఇల్లు తగలబడినప్పుడు, పడుకునే ముందు నిప్పు ఆర్పమని ప్రవక్త (సఅసం) ఆదేశించారు. పైన్ అడవిలో రాలిన ఆకుల కింద నిప్పు రోజుల తరబడి రాజుకుంటూ ఉండగలదు. అందుకే నీళ్ళు పోసి, కలియబెట్టి, మళ్ళీ పోయాలి. బూడిదకు దగ్గరగా చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే ఇంకో కడవ నీళ్ళు తేవలసిందే, జలాశయం ఎంత దూరమున్నా సరే.