స్వామికీ తెర ఉంది

బీర్కూర్ మండలం తిమ్మాపూర్‌లోని వేంకటేశ్వరస్వామి గుడిని ఈ చుట్టుపక్కల జనం తెలంగాణ తిరుమల అంటారు. బ్రహ్మోత్సవాలప్పుడు దండం పెట్టే చేతులతో పాటు ఫోన్లూ పైకి లేస్తాయి. అంతమందికి దర్శనమిచ్చే స్వామికి కూడా నైవేద్యం వేళ తెర వేస్తారు. తిరుమలలోనైనా రాత్రి ఏకాంత సేవ అయ్యాక తలుపులు మూయవలసిందే. దాన్ని ఎవరూ దాపరికం అనరు, మహిమ తగ్గిందనీ అనుకోరు. అందరివాడైన దేవుడికే తెర ఉంటే, మనిషి మాత్రం రాత్రింబగళ్లు తెర తీసుకుని ఎందుకు కూర్చోవాలి?

గుట్టుగా ఉంచుకోవలసినవి తొమ్మిదని మన నీతిశాస్త్రం లెక్క కట్టింది. వాటిని నవ గోప్యాలంటారు. హితోపదేశం చెప్పిన ప్రకారం అవి వయసు, ధనం, ఇంటి లోపం, మంత్రం, దాంపత్యం, ఔషధం, తపస్సు, దానం, అవమానం. ఈ జాబితా పక్కన పెట్టుకుని మన వాట్సాప్ స్టేటస్‌లు చూడండి. పుట్టినతేదీ ఏడాదితో సహా ఉంటుంది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని నమ్మించే మోసగాడికి అదొక ఆధారం. కొత్త పట్టాదారు పాసుపుస్తకం ఫొటో పెడతాం, నంబర్లు కనిపిస్తూనే ఉంటాయి. అత్తాకోడళ్లకు మాట తేడా వస్తే పేరు చెప్పకుండా ఒక సూక్తి పెడతారు. తగలవలసిన వాళ్లకు తగులుతుంది, మిగతా ఊరు ఆరా తీస్తుంది. ఆస్పత్రి చీటీ పెట్టి ప్రార్థించమంటాం. అయ్యప్ప మాల వేసుకుంటే దీక్ష పొడుగునా రోజుకో ఫొటో. దుప్పట్లు పంచి, పుచ్చుకున్న ముసలమ్మ ముఖాన్ని మన దానగుణానికి సాక్ష్యంగా ఊరేగిస్తాం. నాకు అన్నిటికన్నా కష్టం కలిగించేది ఇదే. ఆమె చలికి చెయ్యి చాపింది కానీ ఫొటోకు కాదు. ఇక మంత్రం అంటారా, ఈ కాలపు మంత్రం ఓటీపీ. దాన్ని గురువుకు కూడా చెప్పకూడదు.

రామానుజులు తిరుక్కోష్టియూర్‌లో గోపురమెక్కి రహస్య మంత్రాన్ని అందరికీ చాటలేదా అని అడిగేవారుంటారు. చాటారు. గురువు మాట మీరితే నరకమని తెలిసీ, ఆ నరకం తనకు, ఫలం జనానికి అనుకుని చాటారు. మనం గ్రూపుల్లో పంచే పక్కింటి సంగతుల్లో నష్టం పక్కింటిది, లైకులు మనవి.

చట్టం మాట కూడా వినాలి. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. తీర్పు చెప్పింది తొమ్మిదిమంది న్యాయమూర్తులు. నవ గోప్యాలకు లెక్క భలే కుదిరింది. తర్వాత 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేసింది. అయితే మనంతట మనమే బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి ఆ చట్టం వర్తించదని అందులోనే రాసి ఉంది. కాబట్టి తెర వేసుకోవలసింది మనమే.

"ఇంత తిప్పలెందుకు, వాట్సాప్‌నే మొత్తానికి తీసేస్తే పాయె" అంటారు కొందరు. మంజీర ఒడ్డు ఊళ్లలో ఆ మాట అనడం అంత తేలిక కాదు. కొడుకు దుబాయిలో, మొగుడు సౌదీలో ఉన్న ఇళ్లు ఇక్కడ తక్కువేం కాదు. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్ కుదరవు కాబట్టి మాటలకు బోటిం లాంటివి వాడినా, ఫొటోలకూ వాయిస్ మెసేజ్‌లకూ వాట్సాపే దిక్కు. ఆ తల్లి ఫోన్లోంచి దాన్ని తీసెయ్యమనడం వైరాగ్యబోధ కాదు.

గీత పద్దెనిమిదో అధ్యాయం త్యాగాన్ని మూడు రకాలుగా చెప్పింది. తెలివి మసకబారి చెయ్యవలసిన పని వదిలేస్తే తామసం. కష్టమవుతుందని భయపడి వదిలేస్తే రాజసం. పని చేస్తూనే ఆసక్తినీ ఫలాన్నీ విడిస్తే సాత్వికం. గ్రూపులో గొడవపడి ఆ కోపంలో ఖాతా తీసేయడం మొదటి రకం. జనం మాటలకు జడిసి పారిపోవడం రెండోది. "ఫేస్‌బుక్‌కు ఇక సెలవు" అని పోస్టు పెట్టి, ఎందరు వద్దన్నారో లెక్కపెట్టుకోవడం ఏ త్యాగమూ కాదు, అదింకో పోస్టు. స్టేటస్ పెట్టి ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అని పదేపదే వెతకడం మానితే, ఉన్నచోటే సాత్విక త్యాగం మొదలైనట్టు.

వెళ్లిపోయేవారికి గీత మూడో అధ్యాయంలో మరో హెచ్చరిక ఉంది. ఇంద్రియాలను బిగబట్టి మనసులో మాత్రం విషయాలనే తలచుకునేవాడిది మిథ్యాచారం. ఖాతా తీసేసి భార్య ఫోన్లో బంధువుల ఫొటోలు చూసేవాడి సంగతి ఇదే. ఫేస్‌బుక్ ఖాతా రద్దు కోరితే మనసు మార్చుకోవడానికి 30 రోజుల గడువిస్తుంది. ఆ నెల్లాళ్లలో చెయ్యి దానికోసం వెతుక్కోకపోతే నిశ్చింతగా వెళ్లిపోవచ్చు. పనికీ బంధానికీ అక్కరలేనిదాన్ని వదలడమే మేలని నా మాట. అయితే ఇతరులు దాచుకున్న మన ఫొటోలు మనతో పాటు రావు.

పిల్లల ఫొటోల విషయంలో మాత్రం నాకు మధ్యేమార్గం లేదు. అనుమతి అడిగి, సలాం చెప్పాకే పరాయి ఇంట్లో అడుగుపెట్టమని ఖురాన్ 24వ సూరా చెబుతుంది. ఒకరి ముఖాన్ని లోకానికి చూపే ముందు అడగడం అంతకన్నా చిన్న మర్యాదేం కాదు. అడిగినా అర్థం కాని వయసు పిల్లలైతే అసలు పెట్టకండి.

ఇప్పుడే ఫోన్ తీసి, మీ స్టేటస్ ఎవరెవరికి కనిపిస్తోందో చూడండి. గ్యాస్ బండి అతను, ట్రాక్టర్ మెకానిక్, ఎప్పుడో నంబరు రాసుకున్న మేస్త్రీ అందులో ఉండొచ్చు. ఇంటికి తాళం వేసి తిరుపతి వెళ్తున్న సంగతి వాళ్లందరికీ అక్కరలేదు. ఎంచుకున్న కొద్దిమందికే కనిపించేలా పెట్టే వీలు అక్కడే ఉంది. ఇప్పటికే ఎవరైనా మోసం చేసి డబ్బు లాగి ఉంటే, పరువు పోతుందని ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.