రోమకుల యిలవేల్పులు, మన బడిపిల్లలు

పూజించువారొక్కరును మిగులని దేవతలను గూర్చి, నిత్యము దీపారాధన జరుగు ఇండ్లనుండి బడికి వచ్చు పిల్లలకు ఎట్లు చెప్పవలెను? పైకి బోధనపద్ధతికి సంబంధించినట్లు తోచు ఈ ప్రశ్న నిజమునకు మతవిషయకమైనది. దీనికి మనసులో నొక సమాధానము కుదుర్చుకొనక ప్రాచీన రోమకుల పాఠము చెప్పబూనిన ఉపాధ్యాయుడు ఆ జాతి కట్టిన గోడలను చూపగలడేమో కాని ఆ జాతిని చూపజాలడని నా నిశ్చయము.

నేడు విజయవాడలోను, చుట్టుపట్ల పల్లెలలోను అనేక పాఠశాలలకు ఉపాధ్యాయులు ఐఎఫ్‌పీలని పిలుచు డిజిటల్ తెరలు వచ్చినవి. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లల చేతికి ట్యాబ్‌లు నిచ్చినది. అంతర్జాలమున రోము కావలసినంత దొరకును: పాంపే నగరపు వీధులలో వేలితోనే నడచి పోవచ్చును, లండనులోని బ్రిటిష్ మ్యూజియమువారి వస్తువులను ఇంటనుండియే పరిశీలింపవచ్చును. అయినను పిల్లలకు ముందుగా ఎదురు వచ్చునవి కత్తులు దూయు గ్లాడియేటర్లు, సీజరు హత్య, పిడుగు చేతబట్టిన జూపిటరు బొమ్మలు. ఇవి అసత్యములు కావు; కాని యింతటితో పాఠము ముగిసినచో, రోమకుడనగా రక్తపాతమును చూచి కేకలు వేయువాడనియు, వాని దేవతలు కథలలోని బొమ్మలనియు మాత్రమే పిల్లల మనసున నాటును. అప్పటికిని, ఇంద్రకీలాద్రి కనుచూపుమేరలో పెరిగిన పిల్ల ఒకతె, "ఇప్పుడు ఆ దేవుళ్లకు పూజ ఎవరు చేస్తున్నారండి?" అని అడుగక మానదు. ఆ ప్రశ్న వచ్చినపుడు తెర ఆపి నిలువగల ఉపాధ్యాయుడు కావలెను.

నేనైతే రోమును గూర్చిన తొలిపాఠమును వారి వంటయింటి యొద్ద మొదలుపెట్టుదును. రోమకుల గృహములలో గోడను తొలిచిన చిన్న గూటిలో లారెస్ అను ఇలవేల్పులుండెడివారు. కొట్టుగదిలోని ధాన్యమును కాపాడు పెనాటెస్ అను దేవతలు వేరుగ నుండిరి. భోజనవేళ వారి భాగము వారికి అర్పింపబడెడిది. ఫిబ్రవరి మాసమున తొమ్మిది దినములపాటు చనిపోయిన తలిదండ్రుల సమాధులకడకు పోయి పువ్వులును ధాన్యమును అర్పించెడివారు. మహాలయపక్షమున తాతకు తర్పణము విడుచు తండ్రిని చూచిన బాలునికి దీనిని వివరింప వలసిన పని లేదు. నగరమునకంతకు ఇల్లాలివంటి వెస్టాదేవి మందిరమున ఆరని అగ్ని యుండెడిది. ఆరుగురు కన్యలు, ఆరు మొదలు పదియేండ్లలోపు వయసున ఎన్నుకొనబడి, ముప్పదియేండ్లు దానిని కాపాడెడివారు. వీనికంటెను మన పిల్లలను ఆకర్షించునది మరియొకటి కలదు. పాంపేలోని అనేక గృహముల దేవతాస్థానములపై సర్పములు చిత్రింపబడినవి. అవి బలిపీఠము మీది గ్రుడ్లవైపు సాగుచుండును. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి గ్రుడ్డు విడుచు కృష్ణాతీరపు ఇంటి పిల్ల ఈ చిత్రమును చూచినపుడు పొందు ఆశ్చర్యము ఏ గ్లాడియేటరు వలనను కలుగదు.

అయితే ఈ యాశ్చర్యమునందే ఒక ప్రమాదము పొంచియున్నది. పోలిక కనబడినంతనే అదంతయు మనవారినుండి పోయినదేయని చెప్పు వీడియోలకు కొదువలేదు. రోమకుని భక్తిని రోమకునికి దక్కనీయక మన ఖాతాలో వ్రాసికొనుట వానిపట్ల అన్యాయము. అదియంతయు మూఢవిశ్వాసమనియు, లోకమునకు తెలివి వచ్చినంతనే అంతరించెననియు చెప్పు రెండవ కోవ బోధకులు అంతకంటె గొప్ప అన్యాయము చేయుచున్నారు. ఈ యిరువురును ఒకే తప్పు చేయుచున్నారు: ఆ గూటిముందు నిలిచిన మనుష్యుని ముఖమువైపు ఇద్దరిలో ఒక్కరును చూడలేదు.

ఆ మనుష్యుడు మనకు బొత్తిగా తెలియనివాడును కాడు. మచిలీపట్టణమునకు చేరువనున్న ఘంటసాలను ప్రాచీన భూగోళవేత్త టాలెమీ కంటకొస్సిల అను వ్యాపారకేంద్రముగా పేర్కొనినట్లు పండితులు గుర్తించిరి. అచటి బౌద్ధశాసనములలో మహానావికుని ప్రసక్తి కలదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటి గ్రీకు నౌకాయాన గ్రంథమగు పెరిప్లస్, మసాలియా యని తాను పిలిచిన ఈ తీరమున నూలుబట్టలు విస్తారముగా తయారగుచుండెనని చెప్పినది. ఏటేట ఐదుకోట్ల సెస్టర్సుల ధనమును భారతదేశము తమ సామ్రాజ్యమునుండి లాగుకొనుచున్నదని రోమను రచయిత ప్లినీ వాపోయెను. వినుకొండలో రోమను బంగారు నాణెములు దొరకినవి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైబడి వెండి నాణెములు బయటపడినవి. నాగార్జునకొండ శిల్పములలో కొమ్ముపాత్ర పట్టిన పురుషమూర్తిని చూచి పండితులు గ్రీకుల మధుదేవతను స్మరించిరి. 1938లో పాంపే శిథిలములలో దక్కను శిల్పి చెక్కినదని పలువురు భావించు దంతపు స్త్రీమూర్తి దొరకి నేడు నేపుల్స్ మ్యూజియమున నున్నది. తెరపై ఈ రెండింటిని పక్కపక్కన నిలిపి పిల్లలను చూడనిచ్చిన చాలును.

అక్కనపల్లి నాణెములను గూర్చి మరికొంత చెప్పవలెను. వానిలో ననేకముపై, చక్రవర్తి శిరస్సుకు అడ్డముగా ఉలిగాటు కనబడును. లోహమును పరీక్షించుటకని కొందరు, చెలామణినుండి తొలగించుటకని కొందరు ఊహించిరి; ఏకాభిప్రాయము లేదు, ఆ సంగతిని పిల్లలకు ఉన్నదున్నట్లు చెప్పుటయే మేలు. ఆ శిరస్సు టైబీరియసుది యైనపుడు, దాని చుట్టునున్న అక్షరములు అతడు దేవుడైన ఆగస్టసు కుమారుడని చాటుచుండును. చనిపోయిన చక్రవర్తిని దేవుని చేసి గుడి కట్టిన జాతి అది. నరునకు దైవత్వము నొసగు అధికారము సెనేటుకు ఎచటినుండి వచ్చినది? చలనచిత్ర నాయకుల నిలువెత్తు బొమ్మలకు పాలాభిషేకము జరుగు నగరమున ఈ ప్రశ్న పరాయిది కాదు; పిల్లలు దీనిని తడుముకొనక చర్చింపగలరు.

ఇక, ఇప్పుడు పూజ ఎవరు చేయుచున్నారని ఆ పిల్ల వేసిన ప్రశ్న. రోమకుల దేవతలు తమంతట తాము తొలగిపోలేదు. క్రీ.శ. 384లో సెనేటు భవనమునుండి తొలగింపబడిన విజయదేవత పీఠమును మరల నిలుపుడని రోమను సెనేటరు సిమ్మాకసు చక్రవర్తిని వేడుకొనెను. అంతటి మహారహస్యమును చేరుటకు ఒక్క త్రోవయే చాలదని అతని వాదము. మిలాను బిషప్పు ఆంబ్రోసు దానిని గట్టిగా ఖండించెను, చక్రవర్తి నిరాకరించెను. 391, 392 సంవత్సరములలో చక్రవర్తి థియోడోసియసు శాసనములు బలులను, దేవాలయ ప్రవేశమును, తుదకు ఇంటిగూటిలోని ధూపదీపములను గూడ నిషేధించినవి.

మనచోట జరిగినది వేరు. 1182లో కోట వంశపు కేతరాజు, శైవుడయ్యును, అమరావతిలో బుద్ధునకు అఖండదీపములు పెట్టించెను. ఆ శాసనము అమరేశ్వరాలయమున నున్నది. సిమ్మాకసు కోరి పొందలేక పోయినది ఇచ్చట అడుగకయే లభించినదని మనము గర్వింపవచ్చును. కాని అచటనే నిలిచిపోవుట సత్యము కాదు. రోముతోడి వాణిజ్యము క్షీణించిన పిమ్మట స్తూపములను పోషించిన వర్తకులు బలహీనులైరని చరిత్రకారులు చెప్పుదురు. ఆదరణ సన్నగిల్లెను, తుదకు అమరావతి స్తూపము ఎవరిదో ఎవరికిని తెలియని కాలము వచ్చెను. 18వ శతాబ్ది చివర కర్నలు మెకంజీ వచ్చునప్పటికి దానిని దీపాలదిన్నె యనుచుండిరి. దాని సున్నపురాతి ఫలకములు కట్టడములకును సున్నపుబట్టీలకును పోవుచుండెను. ఇచట ఏ చక్రవర్తియు నిషేధింప నక్కరలేక పోయినది, మరచిపోవుటయే చాలినది. 2006లో అమరావతిలో దలైలామా జరిపిన కాలచక్ర బౌద్ధోత్సవమునకు వచ్చిన వేలాది భక్తులవలన ఆ శ్రద్ధ మరియొకచోట సజీవముగ నున్నదని మనకు తెలిసినది. లారెస్‌ను వెదకికొనుచు అట్టివారెవరును రాలేదు.

ఇట్టి అన్యదేవతల ఆరాధనను గూర్చి మన గ్రంథములును మాటలాడినవి: ఏ రూపమును ఎవడు శ్రద్ధతో నర్చింపగోరునో వాని శ్రద్ధను తానే స్థిరపరచుచున్నానని గీత ఏడవ అధ్యాయమున భగవానుడు చెప్పినాడు. దీనిని పిల్లలకు చెప్పుట మంచిదే. కాని అదే చోట అట్టివారి ఫలము అంతముగలదనియు, వారు అల్పబుద్ధులనియు చెప్పబడినదని దాచరాదు. మన ఔదార్యమునందును ఒక మెట్టు ఎక్కువ, ఒక మెట్టు తక్కువ అను భావమున్నది. వేదాంతవిచారమున ఆ తారతమ్యమునకు స్థానముండవచ్చును. పదమూడేండ్ల పిల్లకు మాత్రము ముందుగా కావలసినది, ఆ గూటిముందు నిలిచిన రోమను తల్లి తన బిడ్డకొరకు ఏమి కోరుకొనియుండునో తెలిసికొనుట.

ఇట్టి పాఠమువలన పిల్లల భక్తి సడలునని భయపడు తలిదండ్రులు కలరు; వారి భయము తేలికగ త్రోసివేయదగినది కాదు. దేవతారాధన అంతరింపవచ్చునని తెలిసిన పిల్ల, మన దేవతలు గూడ అట్లగుదురా యని యింట అడుగును. అడుగనిండు. మూడేండ్ల తరువాత చరిత్రను ఎన్నుకొనినచో పదునొకండవ తరగతి పుస్తకమున రోమను సామ్రాజ్యము ఎదురగును. అప్పుడు పరీక్షకొరకు వల్లె వేయునేకాని ఈ ప్రశ్న పుట్టకపోవచ్చును. ఇప్పుడు పుట్టినచో, అమ్మమ్మ నడిగి, తమ యింట నాగులచవితి ఎందుకు చేయుదురో మొదటిసారి విని వచ్చును. ఆ మరునాడు ఉపాధ్యాయుడు బ్రిటిష్ మ్యూజియము పుట తెరచి, అమరావతి ఫలకమును, రోమకుల కంచు లారెస్ ప్రతిమను, ఒకే తీరుగ సంఖ్య వేయబడి యున్నవానిని, ఆమెకు చూపి, తానేమియు చెప్పక, ఆమె చెప్పునది వినవలెను.