మాయాబజార్ పెట్టిన అభిమానం

పెళ్లిపీటల మీద శశిరేఖ, పక్కన లక్ష్మణకుమారుడు. పీటల మీదున్నవాడు ఓరకంట చూసేసరికి పెళ్లికూతురు కాస్తా పెద్దపులైపోతుంది. హాలంతా గొల్లుమంది. తొమ్మిదో తరగతి చదువుతున్న నన్ను పట్టుకున్నది మాత్రం పులి కాదు, సావిత్రి. శశిరేఖ రూపంలో వచ్చినవాడు ఘటోత్కచుడు కదా! ఎవరూ చూడనప్పుడు ఆ భుజాలు విరుచుకుంటాయి, అడుగు బరువెక్కుతుంది, చూపులో రాక్షసుడి ధీమా తొణికిసలాడుతుంది. ఎవరైనా వచ్చారో, అంతలోనే తల వంచుకుని సిగ్గుల మొగ్గ. కనబడుతున్నది సావిత్రి, లోపలున్నది ఎస్వీ రంగారావు! ట్రిక్కు షాటేమీ లేకుండా, ఒక్క మనిషి ఒంటితో చేసిన మాయ అది. ఇన్నేళ్లకూ నాకు దాన్ని మించిన అద్భుతం తెరమీద కనబడలేదు.

అంతవరకూ నాకు అభిమానమంటే హీరో. పోస్టరు, కటౌటు, మొదటాట టిక్కెట్టు. మా ఊళ్లో పాత సినిమాగా మళ్లీ వేసిన మాయాబజార్ చూశాక, పేర్లు పడేటప్పుడు కళ్లప్పగించి చదవడం మొదలుపెట్టాను. దర్శకుడు కె.వి. రెడ్డి. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లే. కళ గోఖలే, కళాధర్. ఆ పేర్లు నాకు ఇంట్లోవాళ్ల పేర్లంత దగ్గరైపోయాయి. ఆ తర్వాత ఏ సినిమాకి వెళ్లినా పేర్లు మొదలవకముందే సీట్లో ఉండాలనే పట్టుదల వచ్చింది.

తెలుసుకున్నకొద్దీ మాయ కరిగిపోతుందంటారు. నాకలా జరగలేదు. ద్వారకా నగరం 50 అడుగులకు 60 అడుగుల జాగాలో పేర్చిన బుల్లి ఇళ్లని తెలిశాక, ఆ దృశ్యం వచ్చినప్పుడల్లా ఇంకా దగ్గరికి జరిగి చూస్తాను. వెన్నెల్లో పడవ షికారు పాటలో ఆకాశమూ నీళ్లూ ఒకే వెలుగులో తేలతాయి. ఆ చల్లదనమంతా బార్ట్‌లే లెన్సులోంచి వచ్చిందే. మలయాళ సినిమా చెమ్మీన్‌లో సముద్రాన్ని పట్టిందీ ఆయనే అని తెలిసిన రోజు నా ఆనందం అంతా ఇంతా కాదు.

పింగళి సంగతి వేరే చెప్పాలి. మహాభారతంలో లేని శశిరేఖ పెళ్లి కథ పట్టుకుని, పాండవులు ఒక్కసారి కూడా కనబడకుండా పాండవ పక్షపు సినిమా రాశాడు. ఎంత ధైర్యం! రాక్షసులకు వాళ్లదైన భాష ఇచ్చాడు: అసమదీయులు, తసమదీయులు, గింబళి, గిల్పం. అవి ఇవాళ మనింట్లోనూ, అసెంబ్లీలోనూ వినబడుతున్నాయి. ఇక ప్రియదర్శిని పెట్టె! ఎవరికి ఏది ప్రియమో అది చూపిస్తుందంటారు. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు, బాగానే ఉంది. కృష్ణుడు చూస్తే పాచికలతో శకుని! మహాభారతమంతా ఆ ఒక్క బొమ్మలో ఇమిడిపోయింది. పద్నాలుగేళ్లప్పుడు ఆ దృశ్యానికి నవ్వాను. తర్వాత్తర్వాత, ఆటలో ఆఖరి పావు ఎవరిదో కృష్ణుడికి ముందే తెలుసన్న సంగతి ఆ నవ్వు వెనక నుంచి మెల్లగా బయటపడింది. వివాహ భోజనం సంగతి సరేసరి. పళ్లేలు తామే జరిగొస్తుంటే, లడ్డూలు ఎగిరి నోట్లో పడుతుంటే రంగారావు ముఖంలో ఆకలీ, ఆనందమూ, చిన్నపిల్లాడి గర్వమూ ఒక్కసారే వెలుగుతాయి.

1957 మార్చి 27న విడుదలైన సినిమా ఇది. కంప్యూటర్ అన్న మాటే ఎరగని రోజుల్లో మద్రాసు స్టూడియోలో కొందరు మనుషులు చేత్తో, దీపాలతో, ఓపికతో దీన్ని కట్టారు. వాళ్లందరి మీదా నాకు అప్పుడు పుట్టిన ప్రేమ ఈనాటికీ తగ్గలేదు. 2010లో రంగులద్దిన ప్రతి వచ్చినప్పుడు సంతోషంగా వెళ్లాను, కొత్తతరం పిల్లలు కేరింతలు కొట్టడం చూసి మురిసిపోయాను. అయినా వెన్నెలకు బార్ట్‌లే ఇచ్చిన ఆ వెండి నలుపే సరైనదని నా తీర్పు.

మీ ఇంట్లో పద్నాలుగేళ్ల పిల్లలుంటే ఒక సెలవురోజున నలుపు తెలుపు మాయాబజార్ చూపించండి. ఫోన్లు పక్కన పెట్టించండి. పేర్లు పడేటప్పుడు మాత్రం దయచేసి ముందుకు జరపకండి.