పేకముక్క మీద అవతారం

ప్రాణంలేని వస్తువులతో పందెం కాసి ఆడేదాన్ని ద్యూతమనీ, ప్రాణులను పోటీకి దింపి ఆడించేదాన్ని సమాహ్వయమనీ విభజించిన మనుస్మృతి, రెండింటినీ రాజు తన రాజ్యంలో సాగనివ్వరాదని శాసించింది. ఈ విభజన ప్రకారం పేకముక్క నిస్సందేహంగా మొదటి కోవకు చెందుతుంది. అయితే ఆ ముక్క మీద నరసింహుడో వామనుడో కొలువై ఉన్నప్పుడు దానిని ప్రాణంలేనిదని అంత సులువుగా తేల్చవచ్చునా అన్న సందేహం దశావతార గంజీఫా ఆడిన ప్రతిచోటా తలెత్తవలసినదే. దీనికి శాస్త్రం చెప్పే సమాధానం ఒకటి ఉన్నది గాని, ముక్కలను తయారుచేసిన చిత్రకారుల పనితనంలో దాగిన సమాధానమే మరింత సూక్ష్మమైనది.

గంజీఫా పర్షియా దిక్కునుంచి వచ్చిన ఆట. సింధులోని షా హసన్‌కు ఈ ముక్కలు పంపిన సంగతిని బాబరు 1527 నాటి తన దినచర్యలో రాసుకున్నాడు. మొగలు గంజీఫాలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు ఉండగా, విష్ణువు పది అవతారాలను పది రంగులుగా మలచుకున్న దశావతార గంజీఫాలో 120 గుండ్రని ముక్కలు ఉంటాయి. ఒక్కొక్క రంగులో అవతారమూర్తియే రాజు, అతని వెంట ఒక మంత్రి, ఆపైన ఒకటి నుంచి పది వరకు చేపలో, తాబేళ్లో, గండ్రగొడ్డళ్లో లెక్కగా చిత్రించిన ముక్కలు. బెంగాలులోని విష్ణుపురం, ఒడిశాలోని పూరీ పరిసరాలు, మహారాష్ట్రలోని సావంత్‌వాడి ఈ కళకు పేరుపడ్డాయి; తెలంగాణలో నిర్మల్ చిత్రకారులూ గంజీఫా ముక్కలు చేశారు. ఒడిశా పద్ధతిలో పాత నూలుగుడ్డను పొరలుగా చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, రాతితో నున్నగా రుద్ది, గుండ్రంగా కత్తిరించి, రంగులు వేసి లక్క పట్టిస్తారు. చేర్యాల నకాశీ పటాలకూ చింతగింజల జిగురే ఆధారం కనుక ఈ పని తెలుగుచేతులకు కొత్తది కాదు.

శ్రీవైష్ణవ సిద్ధాంతం భగవంతుని ఉనికిని పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని ఐదు విధాలుగా చెబుతుంది. లోకంలో అవతరించిన రూపాలు విభవం. ఆగమవిధిని ప్రతిష్ఠ పొంది పూజలందుకొనే విగ్రహం అర్చ. పేకముక్క విభవాన్ని చూపిస్తుందే తప్ప దానికి ఆవాహన లేదు, ప్రతిష్ఠ లేదు. కనుక అది అర్చ కాదు, దానిని చాప మీదికి విసిరినా అపచారం కాదు. ఈ సమాధానం సరైనదే గాని, ముక్క ఏది కాదో చెప్పి అక్కడితో ఊరుకుంటుంది.

ఆట నియమాలను చూస్తే మరొక సంగతి బయటపడుతుంది. గంజీఫాలో తురుపు లేదు; ఒక ముక్కను అదే రంగులోని పైముక్క మాత్రమే కొట్టగలదు. అంటే నరసింహుడు రాముణ్ణి గెలవడం గాని, కల్కి చేతిలో కూర్ముడు ఓడిపోవడం గాని ఆటలో ఎన్నడూ జరగదు. పగటిపూట రాముని రంగుతోనూ రాత్రిపూట కృష్ణుని రంగుతోనూ ఆట మొదలుపెట్టే వాడుక కూడా ఎవరు గొప్ప అన్న తీర్పు కాదు, వేళను బట్టి ఇచ్చే అగ్రతాంబూలం మాత్రమే. సగం రంగులలో మంత్రి తరువాత పదికి విలువ ఎక్కువైతే, మిగతా సగంలో ఒకటికి ఎక్కువ. అంకెల పెద్దరికం సైతం అక్కడ తలకిందులవుతుంది.

చిత్రకారుని అసలు పరీక్ష బొమ్మవైపు కాదు, వెనుకవైపు ఉంటుంది. ఒకే రంగు పూసిన 120 వీపులలో ఏ ఒక్కదాని మీద చిన్న గీత మిగిలినా, లక్క ఒకచోట మందంగా నిలిచినా, ఆ ముక్క ఎదుటివారికి తెలిసిపోతుంది, ఆట మోసంగా మారుతుంది. మోసగించేవాటిలో జూదం తానేనని గీతలోని విభూతియోగంలో కృష్ణుడు చెప్పిన మాటకు వ్యాఖ్యాతలు ఎన్ని సమర్థనలు చెప్పినా, ముక్కల పనివాడు మాత్రం ఆ విభూతికి చోటివ్వకుండానే పని ముగించాలి. ముందువైపు నామరూపభేదం, వెనుకవైపు అభేదం కనిపించగానే అద్వైతాన్ని అన్వయించాలనిపించడం సహజమే గాని, అది తొందరపాటు. అక్కడి ఏకత్వం తత్త్వం కాదు, ఆటగాళ్ల మధ్య న్యాయం.

ముక్కలను భద్రపరిచే రంగులద్దిన చెక్కపెట్టె కూడా అలంకారానికి మాత్రమే చేసినది కాదు. ఒక్క ముక్క పోయినా కట్ట చెడుతుంది. దాని స్థానంలో మరొకటి రాయించినా కొత్త లక్క మెరుపు దాన్ని పట్టిస్తుంది. దంతం మీదా తాబేటిచిప్ప మీదా చిత్రించిన దర్బారు కలం కట్టలకూ, సామాన్యుల కోసం చేసిన బజారు కలం కట్టలకూ సొగసులో ఎంత దూరమున్నా ఈ నియమం ఒక్కటే.

నేటి ప్రత్యేక డిజైను పేకకట్టలలో, ముక్కల కోసమే పెట్టె అన్న ఈ క్రమం తిరగబడింది. ఉబ్బెత్తు అచ్చు, బంగారుపూత, అంటించిన ముద్ర గల అట్టపెట్టెయే కొనుగోలుకు కారణమై, ఒక కట్టను ఆడటానికీ మరొకదాన్ని విప్పకుండా దాచడానికీ కొనేవారున్నారు. అమెరికాలో పేకముక్కల మీది కేంద్రపన్ను 1965లో రద్దయినా, పన్ను చెల్లించినట్లు తెలిపే స్టాంపు ఉన్నచోట ఇప్పుడు అలంకారపు ముద్ర మిగిలింది. అటువంటి ముద్ర వెనుక దశావతారాలను అచ్చువేసినా వాటికి ప్రతిష్ఠ జరగలేదు గనుక పూజ లేదు, విప్పలేదు గనుక ఆటా లేదు. వీపులన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూసినవారు అచ్చుయంత్రం దగ్గరి పనివారు తప్ప మరెవరూ ఉండరు.