గాలి బలం ఎక్కడుంది?

కోయిలకుంట్ల సీమ రెండు కొండల వరుసల మధ్య ఉంది. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ కుందూ పారే లోయ. ఏడాదిలో ఈ లోయ మీదుగా రెండు పెద్ద గాలులు వీస్తాయి. ఆషాఢంలో నైరుతి నుంచి వచ్చేది హోరుగాలి. రాయలసీమ గుట్టల మీది గాలిమరలు ఎక్కువ కరెంటు ఇచ్చేది ఆ రోజుల్లోనే. కార్తీకం నాటికి దిక్కు మారి ఈశాన్యం నుంచి పొడిగాలి మొదలవుతుంది. తుపాను రోజులు వదిలేస్తే దీని వేగం ఆషాఢ గాలి ముందు చాలా తక్కువ. అయినా పైరును బెట్టకు తెచ్చేదీ, గుడిసెలో ముసలివాళ్లను వణికించేదీ ఈ రెండో గాలే. తక్కువ బలమున్న గాలి ఎక్కువ బాధ పెట్టడం ఎలా సాధ్యం? గాలి తీవ్రతను దాని వేగంలో వెతకడం వల్లనే మనకు ఈ చిక్కు వస్తున్నదని నా అభిప్రాయం. ఎదురుగా నిలిచిన ప్రాణి దగ్గర ఆ వేళకు ఎంత నిల్వ ఉందో, అందులోంచి గాలి ఎంత ఎత్తుకుపోగలదో, తీవ్రత ఆ లెక్కలో ఉంది.

ఇందుకు మొదటి సాక్ష్యం శనగ చేను. నైరుతి మేఘాల తడిని పడమటి కనుమలు ముందే పిండుకుంటాయి, బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే మేఘాలకు నల్లమల అడ్డం నిలుస్తుంది. రెండు వైపులా వాననీడ పడిన ఈ నేలకు దక్కిన వరం నల్లరేగడి. వానాకాలంలో తాగిన నీటిని అది నెలల తరబడి లోపల పట్టి ఉంచుతుంది. అక్టోబరు, నవంబరుల్లో పదును చూసి విత్తిన శనగ, ఆ తర్వాత చినుకు పడకపోయినా, ఆ దాచిన తేమతోనే మూడు నెలలకు పైగా బతికి కాయ కాస్తుంది. ఆకు చుట్టూ ఎప్పుడూ పలుచని తేమ పొర ఒకటి ఉంటుంది. పొడిగాలి ఆ పొరను తుడిచేస్తూ పోతుంది, మొక్క దాన్ని నింపడానికి వేళ్లతో మరింత నీరు లాగుతుంది. నేల నెర్రెలు విచ్చిందంటే లోపలి తేమకు కూడా దారి దొరికినట్టే. ఆషాఢంలో గాలి ఎంత వీచినా శనగ వేసే రేగడి చేలు ఖాళీగా ఉంటాయి. అప్పుడు పోగొట్టుకోవడానికి పైరు లేదు, ముందు వానల ఆశ ఉంది. కార్తీకం తర్వాత ఆశ తక్కువ, ఖర్చు రోజూ ఉంది. 1906 నుంచి నడుస్తున్న నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం పనినీ, జేజీ 11 వంటి స్వల్పకాలిక రకాలు ఇక్కడ పాతుకుపోవడాన్నీ ఈ వెలుగులోనే చూడాలి. నిల్వ అడుగంటేలోగా పంట చేతికి రావాలన్నదే ఆ రకాల వెనుక ఉన్న ఆలోచన.

రెండో సాక్ష్యం మన ఒళ్లు. ఎత్తు పెరిగేకొద్దీ, వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున, గాలి చల్లబడుతుంది. నంది కనుమ లాంటి సందుల్లో కొండల మధ్య ఇరుక్కున్న గాలి వేగం పుంజుకుంటుంది. మబ్బులేని రాత్రుల్లో చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట లోయలోకి జారుతుంది. అయితే ఎంత గాలి వీచినా పొడిగా ఉన్న ఒంటిని చుట్టూ ఉన్న చలికన్నా కిందికి దించలేదు. చర్మాన్ని అంటుకుని ఉండే వెచ్చని పొరను పదేపదే ఊడ్చేయడమే అది చేసే పని. దుప్పటి వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని పోనివ్వదు, అంతే. ఆకు మీద గాలి చేసే పనీ, మనిషి మీద చేసే పనీ ఒకటే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. వెయ్యి మీటర్లకు అటూ ఇటూ ఉండే నల్లమల శిఖరాలను చూపి కొండగాలి గురించి మాట్లాడటం ఏమిటి, హిమాలయాల్లో గాలి మనుషులను చంపుతుంది కదా, అక్కడ వేగమే కదా లెక్క అని. ఎవరెస్టు మీదికి శీతాకాలంలో పడమటి ఆకాశపు ఉధృత గాలులు దిగుతాయన్నది నిజమే. అవి ఉత్తరానికి జరిగే మే నెలలోనే ఎక్కువమంది శిఖరం ఎక్కుతారు. తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో అక్కడ నిలిచింది కూడా 2014 మే 25న. మనిషిని అమాంతం విసిరేసే గాలి ముందు నిల్వలు పనిచేయవని ఒప్పుకోవాలి. కానీ అంతకు దిగువన ఎక్కడైనా ప్రాణాన్ని నిలిపేది ఒంటి వేడి, ప్రాణవాయువు, తిండి, గుడారం, దిగడానికి మిగిలిన సత్తువ. ఎత్తు పెరిగితే లెక్క కఠినమవుతుంది, సూత్రం మారదు.

మరో ఆక్షేపణ ఇంకా దగ్గరిది. పోతిరెడ్డిపాడు నుంచి బానకచర్ల మీదుగా శ్రీశైలం నీరు వస్తుండగా పాత తేమ లెక్కలెందుకు అంటారు. ఆ నీరు కూడా కృష్ణమ్మ వరద రోజుల్లో పట్టి దాచిందే కదా! నేల చేసే పనినే జలాశయం పెద్ద ఎత్తున చేస్తోంది. నిల్వ ఎక్కువైతే మేలేనా అని అడిగితే, కాదనే చెప్పాలి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను వచ్చినప్పుడు నల్లరేగడి నీటిని వదలనందువల్లే విత్తనం కుళ్లుతుంది, వేరుకు ఊపిరాడదు. పట్టి ఉంచడంతో పాటు మిగులును సాగనంపే కాలువ కూడా ఉండాలి. రెండూ కుదిరినదాన్నే నిజమైన నిల్వ అనాలి.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ నీతికి సంబంధించింది. నిల్వ లేనివాడే నష్టపోతాడంటే నేరం వాడిదే అన్నట్టు కాదా? నా వాదన సరిగ్గా దీనికి ఎదురు చెబుతుంది. కౌలు రైతు దగ్గర ఒక పంట పోతే మరో పంటకు పెట్టుబడి ఉండదు. నల్లమల గూడెంలోని చెంచు కుటుంబానికి గాలి దూరే గోడ తప్ప మరొకటి లేకపోవచ్చు. వాళ్లు దాచుకోలేదనడం అన్యాయం, దాచుకునేంత ఎన్నడూ దక్కనివ్వలేదనడం సత్యం. ఒకే రాత్రి ఒకే గాలి మిద్దె మీదా గుడిసె మీదా వీస్తే, ఒకచోట అది వాతావరణం, ఇంకోచోట ఆపద. ఆ తేడాను కొండలు పెట్టలేదు, మనం పెట్టాం. అందుకే తొలి చలిగాలి వచ్చేలోగా పంట బీమా కౌలుదారు పేరున నమోదు కావడం, గూడెంలో గట్టి ఇల్లు నిలవడం, హాస్టల్ పిల్లలకు దుప్పట్లు అందడం దయాధర్మం కింద చూడకూడదు. అవి ఉమ్మడి నిల్వలు. గాలి వేగం మన చేతుల్లో లేదు, దాని ఎదుట ఎవరూ ఉత్తచేతులతో నిలబడకుండా చూడటం మాత్రం మన చేతుల్లో ఉంది.